పాత బండికి కొత్త గొట్టాలు: ఒక 1972 సీబీ750 కేసు

బండి 1972 నాటి హోండా సీబీ750, కే2 మోడల్. ఓనరుకి పాత బండ్లతో ఇదే మొదటి పరిచయం. మేనమామ నడిపిన బండి, ఆయన నడపడం మానేశాక చాలా ఏళ్లు షెడ్డులో కవరు కింద ఉండిపోయింది. మేనల్లుడు దాన్ని బయటికి తీసి, బ్యాటరీ మార్చి, తాజా పెట్రోలు పోసి స్టార్ట్ చేశాడు. ఇంజిన్ పలికింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నా దగ్గరికి వచ్చేసరికి మూడు ఫిర్యాదులున్నాయి. బండి నిలబెడితే ఎడమ వైపు నుంచి పెట్రోలు వాసన వస్తోంది, ఇంజిన్ మీద తడి కూడా కనిపిస్తోంది. ముందు బ్రేకు నొక్కి వదిలాక చక్రం పట్టేస్తోంది. కుడి వైపు ఆయిల్ ట్యాంకు కింద నల్లటి జిడ్డు పేరుకుంటోంది.

"అన్నా, గొట్టాలన్నీ నా చేత్తోనే మార్చుకోవాలని ఉంది. మీరు పక్కనుండి చెప్తే చాలు" అన్నాడు.

ఒప్పుకున్నాను. పాత బండి కొన్నవాళ్లకి మొదటి పనిగా నేను ఇదే సూచిస్తాను. పెట్రోలు ఎటు నుంచి ఎటు పోతుందో, బ్రేకు ద్రవం ఎలా కదులుతుందో, ఆయిల్ ఏ దారిలో తిరుగుతుందో గొట్టాలు మార్చినవాడికి చేతికి తెలుస్తుంది. కాకపోతే ఈ మూడింట్లో ఒకటి నిప్పుతో పని, ఒకటి ప్రాణంతో, ఇంకోటి ఇంజిన్ ఆయుష్షుతో. అందుకే ఒక షరతు పెట్టాను. ఒక లైను పూర్తిగా అయి, పరీక్షలో నిలిచేదాకా రెండో లైను మీద పానా పెట్టకూడదు. అన్నీ ఒకేసారి విప్పి, అన్నీ ఒకేసారి బిగిస్తే, తర్వాత ఎక్కడైనా కారితే దేన్ని అనుమానించాలో కొత్తవాడికి అర్థం కాదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాను. గొట్టం మార్చడంలో గొట్టం భాగం చాలా తక్కువ. దాని రెండు చివర్ల దగ్గరే అసలు పని ఉంటుంది. ఈ కేసులో జరిగిందంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

లోపం ఎక్కడుంది?

పెట్రోలు గొట్టం సంగతి తేల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎవరో ఎప్పుడో అసలు రబ్బరు గొట్టం తీసేసి పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు వేశారు. అది పసుపు రంగుకి తిరిగి, పుల్లలా బిగుసుకుపోయి ఉంది. ఈ రకం ట్యూబు మెత్తగా ఉండటానికి అందులో కలిపే పదార్థాన్ని పెట్రోలు మెల్లమెల్లగా లాగేస్తుంది. బిగుసుకున్న ట్యూబు తాను ఎక్కి కూర్చునే ఇత్తడి మొనను ఒరుసుకుని ఉండదు, దాని చుట్టూ వదులుగా నిలబడుతుంది. పెట్రోలు ట్యాప్ కింద తడికి కారణం అదే.

బ్రేకు విషయంలో మాత్రం ఊహతో పోకూడదు. నొక్కి వదిలాక పట్టేయడానికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి. చక్రం దగ్గర డిస్కును పట్టుకునే కాలిపర్ లోపల పిస్టన్ తుప్పుతో బిగుసుకోవచ్చు. లీవర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్‌లో ద్రవం తిరిగి డబ్బాలోకి వెళ్లే సన్నటి రంధ్రం పూడుకుపోవచ్చు. లేదా హోసు లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోవచ్చు. బయటికి కనిపించే లక్షణం మూడింటికీ ఒకటే. అందుకే చాలామంది కాలిపర్ విప్పి, బాగు చేసి, బిగించి, మళ్లీ అదే సమస్యతో కూర్చుంటారు.

తేడా పట్టుకోవాలంటే పీడనం ఎక్కడ చిక్కుకుందో వెతకాలి. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, ముందు చక్రం నేలను తాకకుండా ఇంజిన్ కింద చెక్క, జాకీ పెట్టాం. లీవర్ గట్టిగా నొక్కి వదిలాడు. చక్రం కదల్లేదు. అది అలా పట్టేసి ఉండగానే పైన మాస్టర్ సిలిండర్ దగ్గర బ్యాంజో బోల్టుకి (హోసు చివరను పట్టి ఉంచే, లోపల ద్రవం పోయే దారి ఉన్న బోల్టు) గుడ్డ చుట్టి, కొంచెం వదులు చేయమన్నాను. ఒక చుక్క ఊరింది. చక్రం అలాగే బిగుసుకుని ఉంది. బోల్టు బిగించి, ఈసారి కింద కాలిపర్ మీద గాలి, ద్రవం బయటికి వదలడానికి ఉన్న బ్లీడ్ నిపుల్ తెరవమన్నాను. ద్రవం చిమ్మింది, అదే క్షణంలో చక్రం తేలిగ్గా తిరిగింది.

పైన పీడనం లేదు, కింద ఉంది. మాస్టర్ సిలిండర్ రంధ్రం మూసుకుని ఉంటే పైన వదులు చేసినప్పుడే చక్రం విడుదలయ్యేది. పిస్టన్ తుప్పుతో బిగుసుకుని ఉంటే నిపుల్ తెరిచినా పట్టు వదిలేది కాదు. అడ్డం మధ్యలో ఉంది, మధ్యలో ఉన్నవి హోసులు.

తర్వాత తీసిన పై హోసును బ్లేడుతో నిలువుగా చీల్చి అతని చేతికిచ్చాను. బయట నల్లగా, నున్నగా, ఒక్క పగులు లేకుండా ఉంది. లోపల రబ్బరు ఉబ్బి, మధ్య దారి సూది పట్టేంతకు తగ్గిపోయింది. ఒక చోట పొర లేచి నాలుకలా వేలాడుతోంది. లీవర్ నొక్కినప్పుడు చేతి బలంతో ద్రవం ఆ సందులోంచి దూసుకుని కిందికి పోతుంది. తిరిగి పైకి రావడానికి అంత బలం లేదు, పిస్టన్ సీలు కొంచెం వెనక్కి లాగే శక్తి తప్ప. ఆ నాలుక ఒకవైపే తెరుచుకునే తలుపైంది. అతను ఆ ముక్కను దాచుకున్నాడు. ఎవరైనా "హోసు చూడటానికి బాగానే ఉంది కదా" అంటే చూపించడానికి.

ఏ గొట్టం కొనాలి

కొత్తవాళ్లు ఇక్కడే ఎక్కువ టెన్షన్ పడతారు, మూడు విషయాలు చూసుకుంటే సరిపోతుంది: కొలత, రకం, తయారీ తేదీ.

కొలత ఎప్పుడూ ఇత్తడి మొన మీద తీయాలి. పాత గొట్టం లోపలి వ్యాసం కొలిస్తే మోసపోతాం, అది ఏళ్ల తరబడి సాగి ఉంటుంది. ఈ బండికి పెట్రోలు గొట్టం లోపలి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టం తెచ్చి క్లిప్పు బిగించి సరిపెట్టేవాళ్లను చూశాను. క్లిప్పు కింద గొట్టం ముడత పడుతుంది, ఆ ముడతలోంచే కారుతుంది.

రకం విషయానికొస్తే, పెట్రోలు గొట్టం మీద ముద్ర చదవాలి. ఎస్‌ఏఈ జే30 ప్రమాణంలో ఆర్6, ఆర్7 అనేవి కార్బురేటర్ బండ్లలాంటి తక్కువ పీడనానికి, ఆర్9 ఇంజెక్షన్ బండ్లకి. ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడేచోట లోపలి పొర ఫ్లోరో రబ్బరుదైతే ఎక్కువ కాలం నిలుస్తుంది. 1970ల నాటి రబ్బరును ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు. ఆర్9 కొనడం మంచిదే, కానీ దాని గోడ మందం. కార్బురేటర్ల వెనక ఇరుకు సందులో అంత సులువుగా వంగదు. మేము ఇథనాల్ తట్టుకునే ఆర్7 తీసుకున్నాం. గ్రావిటీతో దిగే పెట్రోలుకి అది చాలు.

తయారీ తేదీ సంగతి చాలామందికి తట్టదు. పాత బండ్ల వాళ్లకి ఒరిజినల్ పార్టు మీద మమకారం ఎక్కువ. అతను కూడా అసలు ప్యాకెట్లో, ఎప్పుడూ వాడని, ఆ కాలం నాటి బ్రేకు హోసు ఒకటి సంపాదించి తెచ్చాడు. చూడటానికి కొత్తగా మెరుస్తోంది. వద్దన్నాను. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. బల్ల మీద పెట్టినా గాలిలోని ఓజోన్ దాన్ని తింటూనే ఉంటుంది. ప్యాకెట్లో దశాబ్దాలు పడుకున్న హోసును బ్రేకుకి వేయడమంటే ఉన్న సమస్యను ఇంకొన్నాళ్లకి వాయిదా వేయడమే. దాన్ని ప్రదర్శనకి ఉంచుకోమని చెప్పాను.

అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ప్రకారం చేసిన రబ్బరు బ్రేకు హోసు మీద తయారీ నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. హెచ్‌ఆర్ లేదా హెచ్‌ఎల్ అనే అక్షరాలు కూడా ఉంటాయి. పీడనం మీద మామూలుగా ఉబ్బేది హెచ్‌ఆర్, తక్కువ ఉబ్బేది హెచ్‌ఎల్. ముందు డిస్కు బ్రేకుకి హెచ్‌ఎల్ దొరికితే అదే తీసుకోవాలి, లీవర్ గట్టిగా అనిపిస్తుంది. హోసు పొడవునా ఎదురెదురుగా రెండు గీతలు కూడా ఉంటాయి. అవి అందానికి కాదు. బిగించాక హోసు మెలి తిరిగిందా లేదా అని చూడటానికి.

స్టీలు అల్లిక ఉన్న హోసు వేయొచ్చా అని అడిగాడు. వేయొచ్చు. లోపల టెఫ్లాన్ గొట్టం ఉంటుంది, ఉబ్బదు, లీవర్ స్పర్శ స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ అల్లిక తగిలిన ప్రతి దాన్నీ ఆకురాయిలా అరగదీస్తుంది, కాబట్టి పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే తీసుకోవాలి. సరైన పొడవుకి, చివర్లు మెషీన్‌తో నొక్కి తయారు చేయించాలి. ఇతను బండి అసలు రూపం పోకూడదన్నాడు, రబ్బరుకే వెళ్లాం. ఈ బండి వేగాలకి, ఇతను నడిపే తీరుకి అది సరైన నిర్ణయమే.

పెట్రోలు లైను

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి, తలుపులు తెరవాలి, మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ బేరాలాడను.

కే2లో ట్యాప్‌కి రెండు మొనలుంటాయి. ఒక్కో దాని నుంచి ఒక్కో గొట్టం వెళ్లి రెండేసి కార్బురేటర్లకి పెట్రోలు అందిస్తుంది. ఏ గొట్టం దేని మీద నుంచి, దేని కింద నుంచి పోతోందో ముందు ఫోటోలు తీయించాను. ట్యాంకు ఖాళీ చేసి దించాం.

బిగుసుకుపోయిన గొట్టాన్ని లాగకూడదు. ఇత్తడి మొన కార్బురేటర్ బాడీలోకి ఒత్తి కూర్చోబెట్టింది, లాగితే వదులైపోతుంది, ఆ తర్వాత దాన్ని సరిచేయడం పెద్ద పని. గొట్టాన్ని మొన పొడవునా బ్లేడుతో చీల్చి, అరటి తొక్కలా కాకుండా చిన్నగా వెడల్పు చేసి తీయాలి. బ్లేడు లోహాన్ని తాకకూడదు. మొన మీద సన్నటి గీత పడినా దాని వెంబడే పెట్రోలు ఊరుతుంది. అతను మొదటి చీలిక పెట్టడానికి చాలాసేపు తటపటాయించాడు. తర్వాతి వాటికి చెయ్యి కుదిరింది.

మొనలు బయటపడ్డాక నేను చెప్పిన అసలు పని మొదలైంది. ట్యాప్ మొనల మీద ఆకుపచ్చ పొర, పాత గొట్టం అంటుకుని మిగిలిన పెచ్చులు. వాటిని నున్నటి గుడ్డతో, వేలిగోటితో తీయించాను. ఉప్పు కాగితం వద్దన్నాను. ట్యాప్ కింది గిన్నె విప్పితే జల్లెడ మీద గోధుమ రంగు మడ్డి, కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు చదునుగా నొక్కుకుపోయి ఉంది. కొత్త గొట్టం వేసి ఈ రింగును వదిలేస్తే కారడం ఆగదు, పాపం కొత్త గొట్టం మీద నింద పడుతుంది. రింగు మార్చాం.

గొట్టాన్ని పదునైన బ్లేడుతో ఒక్క వేటులో, అడ్డంగా నిటారుగా కోయాలి. కత్తెరతో కోస్తే చివర నలిగి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. కోసిన ముక్కల్లోంచి గాలి ఊది రబ్బరు పొడి తీసేయాలి, ఆ పొడి కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ సూది కింద చేరితే కార్బురేటర్ పొంగుతుంది. గొట్టం దిగకపోతే చివరను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, తిప్పుకుంటూ ఎక్కించాలి. క్లిప్పు గొట్టం మీదికి ముందే ఎక్కించి పెట్టుకోవాలి. ఇంత చిన్న గొట్టాలకి స్ప్రింగు క్లిప్పులే మంచివి. గొట్టం కాలంతో కుంచించుకున్నా అవి వెంట నొక్కుతూనే ఉంటాయి. స్క్రూతో బిగించే పట్టీ క్లిప్పులు పెద్ద గొట్టాలకి. చిన్న వాటి మీద వాటి పళ్లు రబ్బరును కోస్తాయి, చుట్టూ సమంగా కూడా పట్టవు.

దారి విషయంలో ఒకటే సూత్రం. గొట్టం ట్యాప్ నుంచి కార్బురేటర్ దాకా దిగుతూనే పోవాలి. మధ్యలో ఎక్కడైనా పైకి లేస్తే ఆ వంపులో గాలి చేరి పెట్రోలును ఆపుతుంది. మధ్యలో ఫిల్టరు పెడదామా అని అడిగాడు. ఈ రెండు పొట్టి గొట్టాల్లో ఫిల్టరు పెడితే వంపు ఎక్కువై గొట్టం మడత పడుతుంది. ట్యాప్‌లో జల్లెడ ఉంది. ట్యాంకు లోపల తుప్పు ఉంటే ముందు ఆ తుప్పు తీయాలి, ఫిల్టరుతో దాచకూడదు.

పరీక్ష ఇలా పెట్టాం. కొత్త గొట్టాల కార్బురేటర్ చివర్లు సీసాల్లోకి వదిలి, ట్యాప్ తెరిచాం. రెంట్లోనూ ధార ఒకేలా, తెగకుండా పడింది. ట్యాంకు మూత మూసి ఉంచి కాసేపు అలాగే చూశాం. మూతలోని గాలి రంధ్రం పూడుకుని ఉంటే మొదట బాగా పడి, తర్వాత సన్నబడుతుంది. ఇక్కడ సన్నబడలేదు. కార్బురేటర్లకి కలిపి, ప్రతి జాయింటు చుట్టూ తెల్ల కాగితం చుట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున కాగితాలు పొడిగా ఉన్నాయి. ఫ్లోట్ గిన్నెల ఓవర్‌ఫ్లో గొట్టాల్లోంచి కూడా ఏమీ రాలేదు.

బ్రేకు లైను

ఈ బండిలో మాస్టర్ సిలిండర్ నుంచి ఒక హోసు ఫోర్కు కింది క్లాంప్ దగ్గర ఉన్న జాయింటు దాకా వస్తుంది. బ్రేకు లైటు స్విచ్ ఆ జాయింటులోనే ఉంది, ద్రవ పీడనంతో పని చేస్తుంది. అక్కడి నుంచి ఇంకో హోసు, దాని తర్వాత కాలిపర్ వైపు లోహపు పైపు.

విప్పే ముందే ఒక పని చేయించాను. కాలిపర్ పిస్టన్‌ను బ్రేకు లీవర్‌తోనే బయటికి తోయించాను. హోసు దిగువకి దారి ఇస్తోంది కదా, ఆ లోపాన్నే వాడుకున్నాం. లైను విప్పేశాక పిస్టన్ తీయాలంటే గాలి కొట్టాలి, గాలితో అది ఒక్కసారిగా దూసుకొచ్చి వేళ్లు నలుగుతాయి. కొత్తవాళ్లు ఆ జోలికి పోకుండా ఉండటమే మేలు. పిస్టన్ మీద తుప్పు గుంటలు లేవు. సీలు మార్చాం, మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కిట్ కూడా మార్చాం. పాత సీళ్లను అలాగే ఉంచి కొత్త హోసులు వేస్తే, ఇన్నాళ్లూ అందని పీడనం ఒక్కసారిగా అంది అవి కారడం చాలాసార్లు చూశాను.

బ్రేకు ద్రవం పెయింటును తినేస్తుంది. అందుకే ట్యాంకును మళ్లీ దించి పక్కన పెట్టాం. ముందు మడ్‌గార్డు మీద తడి గుడ్డ కప్పించి, పక్కన బకెట్‌తో నీళ్లు పెట్టించాను. చుక్క పడితే తుడవకూడదు, వెంటనే నీళ్లు పోసి కడగాలి.

బిగించే క్రమం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, సగం హోసులు ఇక్కడే పాడవుతాయి. మరలోకి నేరుగా తిరిగే చివర ఉన్న హోసుకి ముందు ఆ చివరను బిగించాలి. స్వేచ్ఛగా తిప్పి కుదుర్చుకోగలిగే బ్యాంజో చివరను ఆఖరుకి వదిలేయాలి. తలకిందులుగా చేస్తే హోసు మెలి తిరిగి ఎప్పుడూ విప్పుకోవాలని చూస్తుంటుంది. బిగించాక ఆ రెండు గీతలు తిన్నగా ఉన్నాయా చూశాం. పై హోసు మీద గీత మధ్యలో పక్కకి తిరిగింది. బ్యాంజో వదులు చేసి, హోసును దాని ఇష్టానికి వదిలి, మళ్లీ బిగించాడు. గీత తిన్నబడింది.

బ్యాంజో బోల్టుకి రెండు వైపులా రాగి వాషర్లు, ప్రతిసారీ కొత్తవే. పాత వాషరు ఒకసారి నలిగి, గట్టిపడి ఉంటుంది. కూర్చునే ముఖాలు రెండూ శుభ్రంగా, గీతలు లేకుండా ఉండాలి. మాస్టర్ సిలిండర్ అల్యూమినియంది, మర సులువుగా పోతుంది. బలం చూపించే చోటు కాదు. సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం) అంకె చూసి, ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాడు. కొత్తవాడికి ఆ పనిముట్టు కొనిపించడానికి నేను వెనకాడను.

హ్యాండిల్ ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పి, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు, నొక్కుకున్నప్పుడు హోసు ఎక్కడా లాగుకోకుండా, టైరుకి, హెడ్‌లైటు బ్రాకెట్‌కి తగలకుండా ఉందని చూశాం. రబ్బరు గ్రోమెట్లు అన్నీ చోట్లో ఉన్నాయి.

కొత్త బ్రేకు ద్రవం డాట్ 4 (డాట్ అనేది బ్రేకు ద్రవాల రకాన్ని చెప్పే గుర్తు). పాత డాట్ 3 కూడా గ్లైకాల్ రకమే కాబట్టి రెండూ కలిసినా ఇబ్బంది లేదు. తాజా డాట్ 3 కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, డాట్ 4కి 230. నీటి తేమ పట్టాక అవి 140కి, 155కి పడిపోతాయి. ఆ తేమ మూత దగ్గర నుంచే కాదు, రబ్బరు హోసు గోడల్లోంచి కూడా లోపలికి వస్తుంది. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, వీటితో కలపకూడదు. డాట్ 5.1 అనేది మళ్లీ గ్లైకాల్. పేర్లు దగ్గరగా ఉన్నాయని కొత్తవాళ్లు పొరబడతారు, అందుకే సీసా మీద రకం రెండుసార్లు చదివించాను.

ఖాళీ లైనులో గాలి తీయడం ఓపికతో కూడిన పని. లీవర్‌తో పైనుంచి పంపుతూ కూర్చుంటే గాలి పైకి, ద్రవం కిందికి పోట్లాడుకుంటాయి. పెద్ద సిరంజీతో కింద బ్లీడ్ నిపుల్ నుంచి ద్రవాన్ని మెల్లగా పైకి తోయించాను. గాలి సహజంగా పైకే పోతుంది కాబట్టి దానితో కలిసి నడిచినట్టు. మాస్టర్ సిలిండర్ డబ్బాలో బుడగలు వరుసగా లేచాయి. డబ్బా పొంగకుండా అతను ఇంకో సిరంజీతో పైనుంచి తీస్తున్నాడు. తర్వాత మామూలు పద్ధతిలో నొక్కి పట్టి, నిపుల్ తెరిచి, మూసి, వదిలి. అయినా లీవర్‌లో కొంచెం మెత్తదనం మిగిలింది. స్విచ్ ఉన్న జాయింటు, మాస్టర్ సిలిండర్ బ్యాంజో, ఈ రెండు చోట్ల గాలి దాక్కుంటుంది. హ్యాండిల్ తిప్పి మాస్టర్ సిలిండర్‌ను ఎత్తులోకి తెచ్చి, జాయింటును పానా వెనక భాగంతో తట్టించాను. లీవర్ నొక్కి పట్టుకుని పై బ్యాంజోను ఒక్క క్షణం వదులు చేస్తే రెండు బుడగలు బయటికి చిమ్మాయి. రాత్రి లీవర్‌ను హ్యాండిల్‌కి కట్టేసి వదిలాం. పొద్దున నొక్కితే రాయిలా ఆగింది.

పరీక్ష: లీవర్‌ను గట్టిగా నొక్కి పట్టుకుని ఒక నిమిషం. జారలేదు. జాయింట్ల దగ్గర తడి లేదు. వదిలితే చక్రం వెంటనే స్వేచ్ఛగా తిరిగింది. బ్రేకు లైటు వెలిగింది. ఆ రోజు బండిని నెట్టుకుంటూ మాత్రమే బ్రేకు పరీక్షించాం. నడపడానికి ఆయిల్ లైను పూర్తి కావాలి.

ఆయిల్ గొట్టాలు

ఈ ఇంజిన్ డ్రై సంప్ రకం. ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, ఒక గొట్టం పంపుకి ఇస్తుంది, ఇంకోటి తిరిగి ట్యాంకుకి తెస్తుంది. కారేది సాధారణంగా తిరుగు గొట్టం, అందరి దృష్టీ దాని మీదే. నేను భయపడేది ఇచ్చే గొట్టం గురించి. పంపు దాన్ని పీలుస్తుంది. లోపలి పొర ఊడితే పీల్పుకి దారి మూసుకుంటుంది, చివర వదులైతే ఆయిల్ బయటికి రాకుండా గాలి లోపలికి పోవచ్చు. ఈ ఇంజిన్ క్రాంకు ప్లెయిన్ బేరింగుల (గుండ్లు లేని నున్నటి లోహపు పొరల) మీద తిరుగుతుంది, ఆయిల్ పొర లేకపోతే అవి క్షణాల్లో పోతాయి.

పెట్రోలు గొట్టంలా మీటరు లెక్కన కొని కోసి వేసే గొట్టం కాదిది. వేడి ఆయిల్‌కి తగిన రబ్బరు కావాలి, చివర్లకి లోహపు ఫిట్టింగులు నొక్కి ఉంటాయి. మొత్తం అసెంబ్లీగా మార్చాం. ఇంజిన్ కొంచెం వేడి చేసి ట్యాంకునూ క్రాంక్‌కేసునూ రెంటినీ ఖాళీ చేశాం. ఫిట్టింగులు కూర్చునే ముఖాల మీద పాత జిగురు ఎవరో దట్టంగా పూసి ఉంచారు. అది చెక్కతో గీకి, గుంటల్లో పెచ్చులు పడకుండా గుడ్డ దోపి, శుభ్రం చేయడానికే ఆ రోజు ఎక్కువ సమయం పట్టింది. ఆ జిగురు పెచ్చు ఒకటి పంపు దారిలో పడితే చేసిన పనంతా దండగ. కొత్త ఓ-రింగులకి ఆయిల్ రాసి కూర్చోబెట్టాం, జిగురు ఎక్కడా వాడలేదు.

ఇచ్చే గొట్టాన్ని బిగించే ముందు దాన్ని ఆయిల్‌తో నింపాం, ట్యాంకు నింపాం, కొత్త ఫిల్టరు వేశాం. స్పార్క్ ప్లగ్గులు తీసి, కిల్ స్విచ్ ఆపి, చాలాసేపు కిక్కు కొట్టించాను. తర్వాతే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేశాడు. ఆయిల్ లైటు ఆరింది. ట్యాంకు మూత తెరిచి లైటు వేసి చూస్తే తిరుగు దారి నుంచి ఆయిల్ బుడగలతో కలిసి పడుతోంది. తిరిగి లాగే పంపు సామర్థ్యం ఇచ్చే దాని కంటే ఎక్కువ, అందుకే గాలి కూడా కలిసి వస్తుంది. అది లోపం కాదని చెప్తే అతని ముఖం తేటపడింది. లెవెల్ మాత్రం ఇంజిన్ నడిపి ఆపాకే చూడాలి. చల్లగా నిలబడిన బండిలో ఆయిల్ కొంత కిందికి దిగి ఉంటుంది, ట్యాంకులో తక్కువ ఉందని పోస్తే తర్వాత పొంగుతుంది.

మిగిలిన చిన్న గొట్టాలు, ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదరు, కార్బురేటర్ ఓవర్‌ఫ్లోలు, బ్యాటరీ వెంటు, వీటికి ఒక పూట చాలింది. బ్యాటరీ వెంటు గొట్టం చెయిన్ మీదికో ఫ్రేము మీదికో కాకుండా నేలవైపు తిన్నగా దిగాలి, ఆసిడ్ తుంపర్లు లోహాన్ని తింటాయి.

తర్వాత

మొదట దగ్గర్లోనే నెమ్మదిగా నడిపించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కి చల్లారాక అన్ని చివర్లూ మళ్లీ చూశాం. తిరుగు ఆయిల్ గొట్టం ఫిట్టింగు బోల్టు కొంచెం బిగువు తీసుకుంది. వేడికి ఓ-రింగు సర్దుకున్నాక ఇది మామూలే. బ్యాంజోలు కదల్లేదు, పెట్రోలు జాయింట్లు పొడిగా ఉన్నాయి. వాసన పోయింది. ముందు చక్రం ప్రతిసారీ వదిలింది.

ప్రతి హోసు తయారీ నెల, వేసిన తేదీ, ద్రవం రకం ఒక కాగితం మీద రాసి సీటు కింద టూల్ సంచిలో పెట్టించాను. బ్రేకు ద్రవం రెండేళ్లకోసారి మార్చాలి. పెట్రోలు గొట్టాలను ప్రతి సీజను మొదట్లో వంచి చూడాలి, వంపు మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చాలి, ఎన్నాళ్లైందని లెక్క చూడకూడదు. కార్బురేటర్లకీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బరు బూట్లు కూడా గట్టిపడ్డాయి. ఇంకా గాలి పీల్చడం లేదు కాబట్టి, కార్బురేటర్లు సర్వీసుకి దించినప్పుడు వాటిని మార్చాలని నిర్ణయించాం. కార్బురేటర్లు కూడా తానే దించుతానన్నాడు.